మారు వడ్డన

తెనాలిలో హంసిని చదివే క్లాసులో సగంమంది పొట్టల్లో ఉంగరాలున్నాయి. ఒళ్ళు మితిమీరి పెరిగిన పిల్లలకి ఆపరేషన్ చేసి తొడిగే ఆ ఉంగరాన్ని, వాళ్ళకి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పెద్దవాళ్ళే తమ ఫోన్లోంచి బిగించాలి, వదులు చెయ్యాలి. బిగిస్తే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది కనక, స్కూలుకి తెచ్చుకునే క్యారేజీలు కుంకుమ భరిణెలంత అయిపోయాయి.

హంసినికి ఉంగరం మేలే చేసింది. షుగరు పోయింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. కానీ దువ్వెన నిండా జుట్టు ఊడొస్తోంది, ఎముకలు పలచబడ్డాయి. అందుకే పోయిన నెల డాక్టరమ్మ ఉంగరం వదులు చేయించి, "ఇక కడుపునిండా తిను," అని చెప్పింది.

ఒక్క వడ్డనతో లేవడమన్నది ఆ ఇంట్లో లేదు. తండ్రి కామేశ్వరరావు రోజూ తనే మారు వడ్డించేవాడు. "ఇంకొంచెం వేసుకో అమ్మలూ," అని నెయ్యి వేసి మరీ పెట్టేవాడు. ఆ మారు అన్నం రెండు ముద్దలు దిగగానే హంసినికి తిన్నదంతా పైకి తన్నుకొచ్చేది. తప్పు తన పొట్టదేననుకుని, ఆయన కంటపడకుండా పెరట్లోకి పోయి కక్కేది.

ఇవాళ డాక్టరమ్మ స్కాను చూసి, "దీన్ని ఇంట్లో ఎవరో మళ్ళీ బిగించారే," అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర హంసిని తలెత్తకుండా అడిగింది. "నువ్వేనా నాన్నా?"

"మళ్ళీ మునుపటిలా అయిపోతావేమోనని భయమేసిందమ్మా."

"మరి మారెందుకు వడ్డించావు?"

ఆయన గిన్నెలో అన్నాన్ని గరిటెతో కలిపాడు. "వడ్డించకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

అలవాటుకొద్దీ గరిటె ఆమె కంచం మీదికి వచ్చింది. హంసిని ఎంగిలి చెయ్యి అడ్డం పెట్టింది. వేడన్నం వేళ్ళ మీద పడినా తియ్యలేదు.