తిరిగొచ్చిన రీలు

ఆ రీలు ఆయన చూశాడా, చూడలేదా?

ఇరవై ఏడేళ్ళుగా వెర్లిన్ మనసులో నలుగుతున్న సందేహం అదొక్కటే.

అప్పట్లో అతను అమెరికాలో అయొవా రాష్ట్రంలోని ఓ చిన్న కాలేజీలో, బంతి చేతబట్టి పరుగెత్తే వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు సామాన్ల గది చూసుకునేవాడు. హెల్మెట్లు తుడవడం, బంతులకు గాలి కొట్టడం, ఆటను తీసిన సినిమా రీళ్ళు భద్రపరచడం అతని పని.

ఆ రోజుల్లో ఓ ఆనవాయితీ ఉండేది. వచ్చే శనివారం తలపడబోయే జట్టుకు తమ కిందటి ఆట రీలు ఇచ్చి, వాళ్ళది పుచ్చుకోవాలి. ఆదివారం చర్చి అవగానే రెండు ఊళ్ళ మనుషులూ సగం దారిలో ఓ పెట్రోలు బంకు దగ్గర కలిసి డబ్బాలు మార్చుకునేవారు.

ఆ ఏడు వెర్లిన్ జట్టు ఎనిమిది ఆటలాడి ఎనిమిదీ గెలిచింది. అవతల ప్లమ్ క్రీక్ కాలేజీ జట్టూ అంతే. ఇక మిగిలింది వాళ్ళిద్దరి ఆట. అందులో గెలిచినవాళ్ళదే పట్టం. వెర్లిన్ కాలేజీకి అది దక్కి నలభై ఏళ్ళయింది.

ఆ ఆదివారం బంకు దగ్గరికి ప్లమ్ క్రీక్ తరఫున చెవులు కప్పే టోపీ పెట్టుకున్న బక్కపల్చటి మనిషి వచ్చాడు.

“శనివారం దుప్పటి తెచ్చుకోవయ్యా!” అన్నాడు నవ్వుతూ.

“చలి ఎక్కువా?”

“చలికి కాదు, మొహం దాచుకోడానికి.”

“అది మీ కోచ్‌కి కప్పండి,” అన్నాడు వెర్లిన్. తన డబ్బా ఇచ్చి, వాళ్ళది అందుకుని బండెక్కాడు.

ఇంటికొచ్చి, తమ జట్టు రీళ్ళలో తన దగ్గర మిగిలిన డబ్బా తెరిచాడు. కిందటి ఆట రీలు అందులోనే ఉంది!

తానిచ్చింది సాధన రీలు. ఆఖరి ఆటకని కోచ్ మూడు వారాలుగా దాచిన కొత్త ఎత్తు అందులో ఉంది. ఓ కుర్రాడు బంతి తన దగ్గరే ఉన్నట్టు కుడివైపు దూసుకుపోతాడు. అవతలి జట్టు కాపలావాళ్ళు అతని వెంట పడగానే, ఎడమవైపు ఒంటరిగా ఉన్న కుర్రాడికి అసలు బంతి వెళుతుంది.

కోచ్‌కి చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పట్టం పోతుంది.

సోమవారం పొద్దున్నే సామాన్ల గది తలుపు తట్టింది ఆ టోపీ మనిషే. భుజాల మీద మంచు ఇంకా కరగలేదు. చేతిలో డబ్బా.

“ఇది మాకు రావలసింది కాదయ్యా.”

“మీరు చూశారా?” అన్నాడు వెర్లిన్.

“మా కోచ్ చూడలేదు. మా ఆటగాళ్ళూ చూడలేదు.”

“నన్ను నమ్మమంటారా? ఎక్కడ మోసం ఉందో ముందే చెప్పండి!”

ఆ మనిషి డబ్బా బల్ల మీద పెట్టాడు. సరైన రీలు తీసుకుని టోపీ సర్దుకున్నాడు.

వెర్లిన్ ఆయన పేరడగలేదు. లోపలికి రమ్మనలేదు. తలుపేసుకున్నాడు.

శనివారం. రెండు నిమిషాల ఆట మిగిలింది. వెర్లిన్ జట్టు నాలుగు పాయింట్లు వెనకబడింది. కోచ్ ఆ ఎత్తు వేయమని సైగ చేశాడు.

వెర్లిన్ కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. జనం హోరుకి కళ్ళు తెరిచాడు.

ప్లమ్ క్రీక్ కుర్రాళ్ళు కుడివైపు పరుగెత్తారు. వాళ్ళ ఆఖరి కాపలాదారు అందరికంటే ముందున్నాడు. మళ్ళీ వెనక్కి తిరగబోయి బోర్లా పడ్డాడు. ఎడమవైపు అడ్డే లేదు.

గెలిచారు!

ఊరు ఊరంతా చర్చిలో దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. వెర్లిన్ కూడా చెప్పాడు. కానీ చెబుతున్నప్పుడల్లా లోపల ఏదో గుచ్చుకునేది. ప్రభువా, ఇది నువ్విచ్చిందా, ఆ టోపీ మనిషి ఇచ్చిందా? ఆయన చేత నువ్వే ఇప్పించావా?

వెళ్ళి అడగడానికి సిగ్గు అడ్డొచ్చింది. ఏడాదికేడాది వాయిదా పడింది.

“దేవుడికి ప్రతి ఆదివారం చెబుతున్నావు, ఆ మనిషికి ఒక్కసారి చెప్పలేవా?” అంది చివరికి భార్య ఆర్డిస్.

మర్నాడే ప్లమ్ క్రీక్ వెళ్ళాడు. కాలేజీలో అడిగితే, “రీళ్ళు మోసే ఎమెట్ గారా? పోయి నాలుగేళ్ళయింది. వాళ్ళబ్బాయి డేల్ విత్తనాల కొట్టు నడుపుతున్నాడు,” అన్నారు.

కొట్లో మొక్కజొన్న బస్తాల వెనక నుంచి నడివయసు మనిషి వచ్చాడు. వెర్లిన్ టోపీ తీసి, నిలబడే మొత్తం చెప్పాడు.

“మీ నాన్నగారిని దొంగని చూసినట్టు చూశాను బాబూ. ఆయనకి చెప్పాల్సింది నీకు చెబుతున్నాను. కృతజ్ఞతలు. నన్ను క్షమించు.”

 డేల్ బస్తా మీద మెల్లగా కూర్చున్నాడు.

“ఆయన ఆ రీలు చూశాడా బాబూ?”

“చూశాడండీ. ఆ ఆదివారం మా గ్యారేజీ గోడ మీద వేసుకున్నాడు. నేను లోపలికి రాగానే చప్పున ఆపేశాడు. ఏంటి నాన్నా అంటే, మనది కాదురా అన్నాడు.”

“నీకు కూడా చెప్పలేదా?”

“చెప్పుంటే నేనెందుకు పడతానండీ?” డేల్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “ఆ రోజు బోర్లా పడ్డ కాపలాదారు నేనే. ఈ ఊరు ఇప్పటికీ ఏడిపిస్తుంది.”

వెర్లిన్ చేతిలోని టోపీ బస్తా మీద పెట్టాడు.

డేల్ కళ్ళు తుడుచుకుని, వెర్లిన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మంచి మాట తెచ్చారండీ. ఆట అయ్యాక కార్లో నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే, ‘తప్పు నీది కాదురా, నాదే’ అన్నాడు మా నాన్న. ఇన్నాళ్ళూ అది ఓదార్పనుకున్నాను.”