చిలకల స్వెటర్

“చేతులు పైకెత్తు,” అంది దీప.

మహిపాల్ ఎత్తాడు. తల మీదుగా స్వెటర్ దిగింది. అద్దంలో చూసుకుని అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవపిండి రంగు స్వెటర్. ఛాతీ మీద ఎదురెదురుగా రెండు రామచిలకలు. వాటికి ఎర్ర ఊలు ముక్కులు, కళ్ళ చోట కోటు గుండీలు. కాలరు ఏనుగు చెవులంత ఉంది. చేతులు మోచేతి దాకా బిగుతుగా వచ్చి, అక్కణ్ణుంచి గంటల్లా విచ్చుకున్నాయి. భుజాల మీద ఊలు బంతులు, నడుం చుట్టూ రాణీ రంగు కుచ్చులు.

పక్కింటి ఛాయాదేవి టీచర్ దగ్గర ఆవిడ పెళ్ళినాటి అల్లికల పుస్తకం ఒకటుంది. అందులో మీసాల దొర ఒకడు ఇలాంటి స్వెటరే తొడుక్కుని గుర్రం పక్కన నవ్వుతూ నిలబడ్డాడు. ఆ బొమ్మ ముందు పెట్టుకుని దీప నెల పొడుగునా క్రోషా సూది ఆడించింది. అయితే దొర స్వెటర్ మీద చిలకలు లేవు.

“గీ చిలకలెందుకే? ఉత్తగ ఉంచకపోయినవ్?”

“ఉత్తగ ఉంటే ఏం అందం? మంచిగ లేదా?” దీప మొహం చిన్నబోయింది.

“మస్తున్నది!” అన్నాడు మహిపాల్ గబుక్కున. పెద్ద అబద్ధం చెప్పి బయటపడబోతున్నవాడికి స్వెటర్ మీద తగవెందుకు?

ఆ సాయంత్రం మేడిపల్లిలో దీప పుట్టింట్లో, చెల్లెలు మానసకు సంబంధం మాట్లాడుకోవాలి. ఆ సాయంత్రమే ఉప్పల్ స్టేడియంలో ఇండియా మ్యాచ్.

“మా మానస ముచ్చట నాడే ఓవర్‌టైమ్ పెట్టాల్నా మీ ఫ్యాక్టరోళ్ళు?”

“ఏం జేస్త? అర్జెంట్ ఆర్డరట.”

“పెద్దల్లుడు లేకపోతే మా బాపు చిన్నబోతడు.”

“నాకు మాత్రం రావాలని లేదా?” అన్నాడు మహిపాల్, గొంతులో వీలైనంత దిగులు నింపి.

మామ కంటి ఆపరేషన్ నాడూ ఇదే మాట చెప్పాడు. అంతకుముందు బావమరిది రమేష్ గృహప్రవేశం నాడూ అంతే. నాచారం ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ పడ్డ రోజూ, ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్న రోజూ ఒకటే ఎందుకవుతుందని దీప ఎన్నడూ అడగలేదు. అమాయకురాలు, అనుకునేవాడు.

“లోపల చొక్క తొడుక్కుంటగని తియ్యి.”

“చొక్కలన్నీ సర్ఫుల నానబెట్టిన. ఫ్యాక్టరీల యూనిఫాం ఉంటది గద! పొద్దుగూకితే చలి, విప్పకు.”

లోపల బనియన్, పైన చిలకలు. ఆ అవతారంతోనే ఉప్పల్ చౌరస్తాలో దిగాడు. టికెట్లు పట్టుకుని నిలబడ్డ స్నేహితుడు కనకరాజు అతణ్ణి చూసి విద్యుత్ స్తంభం పట్టుకుని మరీ నవ్వాడు.

“మా ఆవిడ అల్లింది. నోర్మూసుకుని నడువ్,” అన్నాడు మహిపాల్.

స్టేడియంలో సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు. మొదటి సిక్స్‌కి మహిపాల్ కుర్చీ ఎక్కి గెంతాడు. భుజాల మీది ఊలు బంతులు కూడా గెంతాయి. వెనక వరుసలోవాళ్ళు “చిలకన్నా! చిలకన్నా!” అని అరుపులు మొదలుపెట్టారు. ఇంతలో కనకరాజు అతని తొడ మీద చరిచాడు.

“అరే, అటు సూడు!”

పెద్ద తెర నిండా రెండు రామచిలకలు. వాటి మీద నోరు తెరుచుకున్న తన మొహం. మహిపాల్‌కి ఒళ్ళు తెలియలేదు. గంటల చేతులు గాల్లో తిప్పుతూ చిందేశాడు. స్టేడియం హోరెత్తింది. ఆ తర్వాత ఫోరు కొడితే చిలకలు, వికెట్ పడితే చిలకలు.

ఫోన్ మోగింది. రమేష్.

“బావా, ఏడున్నవ్?”

“డ్యూటీల ఉన్నరా.” ఫోన్ చుట్టూ చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీ ఫ్యాక్టరీల సిక్స్ గొట్టిన్రా ఏంది, గంత లొల్లి? ఈడ అందరం టీవీ ముంగట్నే ఉన్నం. పెండ్లిపిలగానోళ్ళు గూడ సూసిన్రు.”

మహిపాల్ ఫోన్ జేబులో పడేశాడు. మ్యాచ్ మంచి పట్టు మీదుండగానే బయటికి ఉరికి ఆటో ఎక్కాడు. దారి పొడుగునా ఒకటే గుబులు. తన మూలంగా మానస సంబంధం చెడితే దీపకు మొహం ఎలా చూపించడం?

అతను గుమ్మంలో కాలు పెట్టగానే ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మామ సాంబయ్య నేల చూపులు చూస్తున్నాడు. వంటింటి తలుపు పక్కన మానస పెదవి కొరుక్కుంటూ నిలబడింది. పెళ్ళికొడుకు తండ్రి బుచ్చిరాములు కళ్ళజోడు సవరించుకున్నాడు.

“సాంబన్నా, గీయన మీ పెద్దల్లుడేనా?”

సాంబయ్య తల ఊపలేక ఊపాడు.

మహిపాల్ చేతులు జోడించాడు. “తప్పయింది మామా. ఓవర్‌టైమ్ లేదు, ఏం లేదు. ఆపరేషన్ నాడు గూడ గట్లనే పోయిన. నా మీది కోపం పిల్ల మీద తియ్యకున్రి.”

ముందు బుచ్చిరాములు బొజ్జ కదిలింది. తర్వాత భుజాలు. ఆఖరికి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు.

“రా బిడ్డా, నా పక్కన గూసో! ఇంతమంది ముంగట తప్పు ఒప్పుకునుడంటే మాటలా? సాంబన్నా, ఇగ ముహూర్తం సూడు.” అంటూ మహిపాల్ భుజం మీది ఊలు బంతిని ఒకసారి లాగి చూశాడు.

ఇంట్లో సందడి మొదలైంది. దీప మంచినీళ్ళ చెంబుతో పెరట్లోకి వెళితే మహిపాల్ వెనకాలే వెళ్ళాడు. చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు.

“నీతోని అబద్ధమాడిన. ఇంకోపారి ఆడను. నీ మీద ఒట్టు.”

దీప తల ఊపింది. కోపంగా ఉన్నట్టు లేదు. దాంతో అతనికి కాస్త ధైర్యం వచ్చింది.

“అయినా నా తలరాత గాకపోతే ఏందే! గంత జాతరల కెమెరాకు నేనే దొరకాల్నా? గీ చిలకలు లేకుంటే నన్నెవడు సూస్తుండె?”

దీప వంగి, పక్కకి ఒరిగిన చిలక ముక్కును వేలితో సరిచేసింది.

“గందుకే అల్లిన.”