రేకు మందం

"జీపు బొమ్మ తీసుకోమ్మా, ముక్కలు అతికించడం తేలిక," అన్నాను.

"ఆయన నడిపిన బండే కావాలి మామయ్యగారూ," అంది కోడలు. "ఫొటో పక్కన జీపెందుకు?"

మావాడు యుద్ధంలో పోయింది తూటాలాపే ఉక్కురేకు తొడిగిన ఆ బండిలోనే. అరగంట నుంచీ ఆ బొమ్మల కొట్లో లారీ చూపించాను, అంబులెన్సు చూపించాను. కోడలు పట్టిన పట్టు విడవలేదు.

కొట్టాయన పెట్టె విప్పాడు. "రేకు మందం దగ్గర్నుంచీ అసలు డ్రాయింగుల ప్రకారమే, అదే నిష్పత్తిలో తగ్గించి చేశారండి. వెంట్రుకవాసి తేడా ఉంటే చెవి కోసుకుంటాను."

"అయితే మీరే చూడండి," అంటూ కోడలు ఆ ప్లాస్టిక్ బండి పక్కపలక నా చేతిలో పెట్టి, కొట్టాయన వైపు తిరిగింది. "ఈ బండ్లు చేసిన ఫ్యాక్టరీలో మా మామయ్యగారు ఇన్‌స్పెక్టరండి. ఆయన సరేనంటేనే రేకు లోపలికెళ్లేది. నాన్న చూసి పంపిన బండి, నాకేం భయం అనేవారు మా ఆయన."

పలకని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూశాను. ముప్పయ్యేళ్లు రేకులు తడిమిన వేళ్లు, వాటికి వేరే కొలత అక్కర్లేదు.

బొమ్మ కొలతకి తగ్గించి చూస్తే, డ్రాయింగులో ఉన్న మందం ఇదే. యుద్ధం వచ్చిన ఏడు నా బల్ల మీదికొచ్చిన రేకు ఈ లెక్కన సగానికి కాస్త ఎక్కువ, అంతే. బండ్లు త్వరగా వెళ్లాలన్నారు పైవాళ్లు. "సరిగ్గా ఉంది" అని రాసి సంతకం పెట్టాను.

"ఎలా ఉంది మామయ్యగారూ?"

"ఇది సరిగ్గా ఉందమ్మా," అన్నాను.