పదహారు రెట్లు సాగిన చప్పుడు

“ఆపవే! ముందు ఆ పాట ఆపు!”

హాల్లో తలలన్నీ అటు తిరిగాయి. అరుస్తున్నది ఎవరో కాదు, ఆ పాట కట్టిన అమ్మాయి కన్నతండ్రే. ముప్పయ్యేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. పాట మొదలవగానే చెప్పులు విడిచి, చెక్కనేల మీద ఉత్తపాదాలు ఆనించి కూర్చున్నాడు. లిఫ్టు మోటారు గదిలో అడుగుపెట్టినా ఆయనకు అదే అలవాటు.

మీటల ముందున్న కూతురికి తల కొట్టేసినట్టయింది. తలుపుల కిర్రులు, కుళాయి చుక్కలు, స్టేప్లర్ కటకటలు... మూడేళ్లు మైకు పట్టుకుని తిరిగి ఏరుకొచ్చిన చప్పుళ్లు. వాటితో అల్లిన పాటను నలుగురికీ వినిపించడం ఇదే మొదలు. “ఈ ఒక్కసారికి చెవొగ్గి విను నాన్నా” అని బతిమాలి మరీ తీసుకొచ్చింది. ఇంట్లో ఏం వినిపించినా “బాగుందమ్మా” అని తప్పించుకునే పెద్దమనిషి, ఇవాళ ఏకంగా పరువే తీస్తున్నాడు.

పాట ఆపి, గబగబా దగ్గరికొచ్చింది.

“నచ్చకపోతే ఇంటికెళ్లాక తిట్టొచ్చుగా!”

ఆయన ఆమె మొహంలోకి చూస్తూ, “ఇందాకటి ఆ దబ్బు దబ్బు... మధ్యలో ఓ చిన్న తడబాటు. అది ఈ బిల్డింగు లిఫ్టుదేనా?” అన్నాడు. ఆ గొంతు చివరి వరస దాకా వెళ్లింది.

ఆమె బిత్తరపోయి తలూపింది. నిన్న రికార్డు చేసిన చప్పుడే. కానీ ఎవరూ పోల్చుకోకూడదని వేగం తగ్గించి పదహారు రెట్లు సాగదీసింది.

“ఒక్కరు కూడా లిఫ్టెక్కొద్దు!” అంటూ ఆయన మెట్ల మీదుగా పైకి పరుగెత్తాడు. ఆయన వదిలేసిన పనిసంచీ తీసుకుని ఆమె వెంటపడింది.

డాబా మీది మోటారు గదిలో మెయిన్ ఆపి, టార్చి వేశాడు. లిఫ్టును మోసే ఇనుప తాళ్ల పేటలు ఎక్కడికక్కడ తెగి, చీపురు పుల్లల్లా లేచి ఉన్నాయి.

“పాటయ్యాక జనమంతా దీన్లోనే దిగుంటే...” అంటూ టార్చిని తాళ్ల వెంట కిందికి జరిపాడు.

ఆమె తాళ్లకేసి, తండ్రికేసి మార్చి మార్చి చూసింది. ఆ చప్పుడును వందసార్లు విన్న తనకే అంతుపట్టనిది ఈయనకెలా అందింది? తన పాటను ఇంత లోతుగా విన్నవాళ్లు ఇంకెవరున్నారు? ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

“ఎలా పట్టావు నాన్నా?”

ఆయన ఉత్తపాదాలతో నిలబడి తాళ్లకేసే చూస్తున్నాడు.

“నాన్నా, నిన్నే!”

తిరగలేదు. చేతుల గ్రీజు తుడుచుకోవడానికి గుడ్డ కోసం చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు. ఆమె సంచీలోంచి గుడ్డ లాగింది. దాంతోపాటు ఓ మడత కాగితం జారి కిందపడింది. టార్చి వెలుగులో విప్పి చూసింది.

డాక్టరు చీటీ. “రెండు చెవులూ బొత్తిగా వినబడవు” అని ఉంది. తేదీ నిరుటిది.