ఏడో నంబరు నడక

"మళ్ళీ ఊగుతున్నావు," అన్నాడు మాస్టారు, బెత్తంతో నేల మీద కొడుతూ. "రోబో ఊగదు. కట్టెలా నిలబడాలి."

ఏడో నంబరు కట్టెలా నిలబడింది. రెండు నిమిషాలే. తర్వాత మళ్ళీ అటూ ఇటూ మెల్లగా ఊగడం మొదలైంది. మధ్యాహ్నం ఛార్జింగ్ అయి వచ్చాక మాత్రం కాసేపు కుదురుగా ఉంటుంది. లోపల ఏ స్క్రూ వదులైందో మాస్టారికి అంతుపట్టలేదు.

ముప్పై ఏళ్ళు ఆయన సినిమాల్లో రేకు డబ్బా తొడుక్కుని రోబో వేషాలు వేశాడు. ఆయన నడక తెలియని పిల్లలు లేరు, మొహం తెలిసిన పెద్దలు లేరు. వేషాలు తగ్గి ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఈ ఫ్యాక్టరీ కబురు పెట్టింది.

"కొత్త మోడల్ మరీ మనుషుల్లా వచ్చేసింది మాస్టారూ," అన్నాడు మేనేజరు మొదటి రోజే. "ఇంట్లో పెట్టుకోవడానికి జనం జడుసుకుంటున్నారు. సినిమాల్లో చూసిన రోబోలా ఉంటేనే నమ్ముతారట. మీ నడక, మీ గొంతు నేర్పండి చాలు. ఛార్జింగ్ గదివైపు మాత్రం వెళ్ళకండి, షాక్ కొడుతుంది."

పన్నెండు రోబోల్లో పదకొండు ఇట్టే నేర్చుకున్నాయి. ఏడో నంబరే కొరకరాని కొయ్య అయింది.

"ఇవాళ తప్పితే దాన్ని తుక్కు కింద పంపేస్తాం," అన్నాడు మేనేజరు పరీక్ష రోజు. మాస్టారు గబగబా ఏడో నంబరు దగ్గరికి నడిచాడు. యంత్రమైతేనేం, నెల రోజుల శిష్యురాలు.

చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "చూడమ్మాయ్, డబ్బాలో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళు గుర్తొస్తే నేను అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి. నువ్వూ అదే చెయ్యి. వెనక్కి మాత్రం చూడకు. బతికిపోతావు."

ఏడో నంబరు పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఈసారి ఊగలేదు. వరసలో టకటకమని నడిచి వ్యానెక్కింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"శభాష్ మాస్టారూ," అంటూ మేనేజరు కూడా ఎక్కాడు. "ఇక అయిదేళ్ళదాకా ఇవి ఇటు రావు."

వ్యాన్ గేటు దాటింది. మాస్టారికి కడుపు నిండినట్టయింది. సంచీ తగిలించుకుని బయల్దేరబోతుంటే ఛార్జింగ్ గదిలోంచి ఏదో సన్నగా, ఆగకుండా మోగడం వినిపించింది. ఏ యంత్రాన్నో ఆపడం మరిచిపోయారనుకున్నాడు.

తలుపు తోసేసరికి గోడవారగా కడిగి బోర్లించిన పన్నెండు కంచాలు కనిపించాయి, దూలానికి కట్టిన దుప్పటి ఉయ్యాలలో ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.