వెయ్యని ట్యూబ్‌లైటు

చంద్రపూర్‌లో దుకాణం పెట్టిన రోజు రాజలింగు చేతిలో ఉన్నవి రెండు గోనెసంచుల బేరింగులు, ఒక చెక్క బల్ల, కొంచెం చెడ్డపేరు.

ఇరవై రెండేళ్లలో బేరింగులు అమ్ముడుపోయాయి. బల్ల మారింది. చెడ్డపేరే అసలు పెట్టుబడి అయింది.

బేరం చేసేటప్పుడు అతను ఎదుటి మనిషి మొహం చూడడు. ధర ఒక్కసారి చెప్పి ఊరుకుంటాడు. ఇక తగ్గడని బొగ్గుగనుల కాంట్రాక్టర్లే తేల్చుకుంటారు. పెళ్లిళ్లకు వెళ్లడు. చదివింపులు ఎగ్గొడుతున్నాడని బంధువులు నవ్వుకుంటారు. మబ్బు పట్టినా దుకాణంలో ట్యూబ్‌లైటు వెయ్యనివ్వడు. పాత పసుపు బల్బు ఒక్కటే వెలగాలి. వట్టి పిసినారి అంటారు. పిసినారి కొట్లో నకిలీ సరుకు ఉండదని కూడా అంటారు.

ఈ మధ్య సరుకు పెరిగింది. గోదాములో బేరింగుల నంబర్లు చూసి సర్దే మనిషి కావాలన్నాడు. ఆ మాట విని మాజ్రి నుంచి స్నేహలత తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.

"మా తమ్ముడు హరికృష్ణ, సేటు. ముప్పై నాలుగేండ్లు." బల్ల మీద కాగితం పెట్టింది. "నాగ్‌పూర్ డాక్టర్ మొన్ననే రాసిచ్చిండు. ఆటిజమంట. చిన్నప్పటి సంది ఉన్నదంట."

"ఇన్నేండ్లు ఎవ్వలు కనిపెట్టలేదా?" గుమాస్తా చిన్నయ్య అడిగాడు.

"బళ్లె సార్లేమో తెలుగు పిలగాడు, మరాఠీ రాదు, అందుకే మాట్లాడడన్నరు. ఇంట్లనేమో మరాఠీ బళ్లె చదివిండు, తెలుగు సక్కగ రాదన్నరు. వయసంత గట్లనే గడిచిపోయింది."

రాజలింగు కాగితం ఒకసారి చూసి బోర్లించాడు.

"పెట్రోలు బంకుల పెట్టినం. మొబైల్ దుకాణంల పెట్టినం. నలుగురు మీద పడి మాట్లాడితే చెవులు మూసుకుంటడు. ఏడు కొలువులు పోయినయ్. నంబర్లు, ఒక్క తీరు పని ఉన్నకాడ మస్తు చేస్తడని డాక్టర్ చెప్పిండు." స్నేహలత గొంతు తగ్గించింది. "నెలాఖరు దాకనే సేటు. ఆలోపల పని దొరకకపోతె ఆశ్రమంల వేస్తనంటుండు మా ఇంటాయన. ఆడికి పోతె వీడు బతకడు."

రాజలింగు సైగ చేశాడు. చిన్నయ్య గంపెడు బేరింగులు నేల మీద కుమ్మరించాడు. అన్ని నంబర్లూ కలగలిసి ఉన్నాయి.

హరికృష్ణ కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఏ నంబరుకు ఆ వరుస లేచింది. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, పక్కన పెట్టాడు.

"నకిలీ."

"దాని మీద కంపెనీ ముద్ర ఉన్నది తమ్మీ!" అన్నాడు చిన్నయ్య.

రాజలింగు దాన్ని తీసుకుని తనూ చెవి దగ్గర తిప్పాడు. నకిలీయే. అలా విని పట్టుకోవడం ఇన్నాళ్లూ ఆ దుకాణంలో అతనికి ఒక్కడికే చేతనయ్యేది.

"ఇద్దరి పని ఒక్కడే చేస్తుండు. ఉంచుకోండ్రి సేటు," అన్నాడు చిన్నయ్య.

స్నేహలత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఈడ మంచిగున్నదక్కా," అన్నాడు హరికృష్ణ. "ట్యూబ్‌లైటు జుయ్యిమని అరుస్తలేదు."

చిన్నయ్య పకపకా నవ్వాడు. "అరవనిస్తె కదా! కరెంటు బిల్లుకు భయపడి సేటు దాని గొంతు పిసికిండు."

హరికృష్ణ నవ్వలేదు. "ఆ బల్బు వంద వాట్లు. ట్యూబ్‌లైటు నలభై. బిల్లు కాదు." రాజలింగు చొక్కా గుండీని చూస్తూ అన్నాడు. "సేటుకు గూడ వినిపిస్తది."

చిన్నయ్య నవ్వు ఆగింది. బల్బు వైపు చూశాడు. తర్వాత సేటు వైపు చూశాడు.

"పనికి రాడు. తీస్కపో చెల్లె," అన్నాడు రాజలింగు.

స్నేహలతకు అర్థం కాలేదు. "ఏం తప్పు చేసిండు సేటు?"

"సేటు ముచ్చట్లు చెప్పేటోడు దుకాణంల ఒద్దు."

"ఇంక చెప్పడు సేటు. నా మీద ఒట్టు. హరీ, ఇంక మాట్లాడనని చెప్పురా!"

"నిజమే కదక్కా," అన్నాడు హరికృష్ణ.

రాజలింగు బల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి చెప్పిన ధర అతను మళ్లీ చెప్పడు.

స్నేహలత కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. హరికృష్ణ మిగిలిన నాలుగు బేరింగులూ వాటి వరుసల్లో పెట్టి, అప్పుడు లేచాడు. అక్క చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు లాక్కెళ్లింది. లారీల హారన్లకు అతను రెండో చేత్తో ఒక చెవే మూసుకోగలిగాడు.

చిన్నయ్యను చాయ్‌కి పంపించి, రాజలింగు సొరుగు తాళం తీసి ఆ రోజుకు తనకు మిగిలిందేమిటో చూసుకున్నాడు: నాలుగేళ్ల కిందట అదే డాక్టర్ అదే మాట తన పేరు మీద రాసిచ్చిన కాగితం, ఇంకా ఎవరి కంటా పడకుండా.