పదకొండో నంబరు డబ్బా

"పదకొండో నంబరూ, లోపలున్నారా, నిద్రపోయారా?"

ల్యాబు ఆవిడ తలుపు తట్టడం ఇది మూడోసారి. లోపల కుర్చీ అంచున కూర్చున్న బేకరీ మాస్టరు ఉలిక్కిపడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, దాని మీద పదకొండు అని చీటీ. ముప్పావుగంట నుంచి అది ఖాళీగానే ఉంది.

ఎలా నిండుతుంది మరి? తలుపుకు అవతల నాలుగడుగుల దూరంలో భార్య కూర్చుంది. ఆమె పక్కన అత్తగారు కూర్చుంది. అత్తగారు దగ్గితే ఇక్కడికి వినిపిస్తోంది. ఇలాంటి చోట కూర్చోబెట్టి కానివ్వమంటే మహారాజుకైనా అవుతుందా?

ఆరు నెలల కిందట అతనికి వేరికోసీల్ ఆపరేషన్ అయింది. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బిపోయి, అక్కడ వేడి పెరిగి, వీర్యకణాలు తగ్గిపోతున్నాయన్నాడు డాక్టరు. ఉబ్బిన నాళాల్ని కట్టేస్తే చాలామందికి కణాలు పెరుగుతాయన్నాడు. అందరికీ పెరుగుతాయని మాత్రం మాటివ్వలేదు. పొయ్యి సెగ తగలకూడదంటే రొట్టెలు కాల్చే పని వదిలేసి ప్యాకింగు బల్ల దగ్గరికి మారాడు. మూడో నెల పరీక్షలో కణాలు కాస్త పెరిగాయి. ఇవాళ ఆరో నెల పరీక్ష.

ఈసారి కాస్తో కూస్తో పెరిగితే నోరెత్తననీ, లేకపోతే కూతుర్ని తనతో తీసుకుపోతాననీ అత్తగారు పొద్దున్నే తేల్చేసింది. తేల్చడమేమిటి, కూతురి బట్టలు సంచీలో సర్ది మరీ వెంట తెచ్చింది. ఆ సంచీ ఇప్పుడు భార్య కాళ్ల దగ్గరుంది. భార్య మాత్రం అతను గదిలోకి వెళ్లబోతుంటే మెల్లగా ఒక మాట చెప్పింది.

"ఒక్కటి పెరిగినా చాలండీ. నేను ఉండిపోతా."

ఆ మాటే అతని కొంప ముంచింది. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు చల్లబడిపోతోంది.

చివరికి డబ్బా జేబులో దాచుకుని, మొహం కడుక్కొస్తాననీ ఈలోగా తర్వాతి వాళ్లని పంపమనీ చెప్పి వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లాడు. అక్కడ పన్నెండో నంబరు మనిషి గోళ్లలో ఇరుక్కున్న రంగు కడుక్కుంటున్నాడు. ఇళ్లకు రంగులేసే పెయింటరు. పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చున్న వాళ్లందర్నీ నవ్విస్తున్నది ఇతనే. ఆ బెంచీకి ఒక మర్యాద ఉంది. వాన గురించి మాట్లాడుకుంటారు, ధరల గురించి మాట్లాడుకుంటారు, ఎందుకొచ్చారని మాత్రం ఎవరూ ఎవర్నీ అడగరు.

బేకరీ మాస్టరు కూడా ఆ మర్యాద తప్పలేదు. పిల్లలెంతమందని మాత్రం అడిగాడు.

"ముగ్గురండీ. ఆఖరి కాన్పులో కవలలు," అన్నాడు పెయింటరు.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. సిగ్గు విడిచి గోడు వెళ్లబోసుకున్నాడు. తనవల్ల కావడం లేదన్నాడు. బయట అత్తగారు కాపలా కూర్చుందన్నాడు. రిపోర్టు బాగా రాకపోతే భార్య తనతో ఉండదన్నాడు.

పెయింటరు నవ్వలేదు. అతని భుజం మీద తడిచెయ్యి వేశాడు.

"మా ఆవిడా అంతేనండీ. రిపోర్టు చేతిలో పెడితేగానీ గదిలోకి రానివ్వనంది. నాది బ్రహ్మాండంగా వస్తుంది, మీకెందుకు దిగులు? ఆ డబ్బా ఇలా ఇవ్వండి."

పావుగంటలో పెయింటరు గదిలోంచి కుళాయి దగ్గరికి వచ్చి, ఎవరూ చూడకుండా పదకొండో నంబరు డబ్బా అతని చేతిలో పెట్టాడు. బేకరీ మాస్టరు గదిలోకి వెళ్లి, కాసేపు ఊరికే కూర్చుని, బయటికొచ్చి దాన్ని ల్యాబు ఆవిడకు అందించాడు. అతని మొహం చూసి భార్య నవ్వింది. చేసింది తప్పేనని అతనికి తెలుసు. కానీ కొంత గడువు దొరుకుతుంది, ఈలోగా తనవి నిజంగానే పెరగకపోతాయా అనుకున్నాడు.

రెండు గంటల తర్వాత డాక్టరు ముగ్గుర్నీ లోపలికి పిలిచాడు. కాగితం చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"సున్నా," అన్నాడు. "పోయినసారి ఉన్నవి కూడా లేవు. నాకేం అర్థం కావడం లేదు. ఇంకోసారి పరీక్ష చేయించి చూద్దాం."

"ఇప్పటిదాకా చేయించింది చాలు బాబూ," అంది అత్తగారు.

ముగ్గురు పిల్లల తండ్రికి సున్నా ఎలా వస్తుంది? డబ్బాలు తారుమారై ఉంటాయని చెబుదామనుకున్నాడు. కానీ ఏమని చెప్పాలి? అసలది నాది కాదనా? మరి నీదెక్కడని అడిగితే? అత్తగారు అతన్ని తిట్టనైనా తిట్టలేదు, సంచీ అందుకుంది. భార్య మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఉండిపొమ్మని ఒక్క మాట అంటాడేమోనని అతని వైపే చూస్తూ కూర్చుంది. ఏ మొహం పెట్టుకుని అంటాడు? తల వంచుకున్నాడు. అప్పుడు లేచింది.

వాళ్ల వెనకే అతను వరండాలోకి వచ్చేసరికి ఇద్దరూ మెట్లు దిగిపోతున్నారు. ఎదురుగా పెయింటరు మొహం చేటంత చేసుకుని వచ్చి, తన రిపోర్టు చూపించి, అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"చెప్పానా, బ్రహ్మాండంగా వస్తుందని. సున్నా అండీ, సున్నా! కుటుంబ నియంత్రణ ఆపరేషన్ పక్కాగా కుదిరింది, ఇక మీకూ నాకూ జన్మలో పిల్లలు పుట్టరు."